తాలు గింజకు నమస్కారం

సియెరా నెవాడా కొండల్లో షుగర్ పైన్ అనే చెట్టుంది. లోకంలోని పైన్ జాతులన్నింటిలోకీ ఎత్తయింది అదే. కొమ్మ చివర వేలాడే దాని కాయ మూరెడు పొడవుంటుంది. మాను మీద గాయమైన చోట కారే జిగురు తియ్యగా ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. 1826లో డేవిడ్ డగ్లస్ అనే స్కాట్లండ్ వృక్షాన్వేషకుడు ఆరెగాన్‌లో ఉంప్‌క్వా నది ప్రాంతంలో ఈ చెట్టు కింద నిలబడ్డాడు. ఎక్కడం తన వల్ల కాదు, నరకడం అంతకన్నా కాదు. తుపాకి పేల్చి కాయలు రాల్చుకున్నాడు. ఆ మోతకి అక్కడి ఆదివాసులు విల్లంబులతో వచ్చారు. కాయలు పట్టుకుని ఎలాగో గండం గడిచి బయటపడ్డాడు. వృక్షశాస్త్రం కోసం తుపాకి పేల్చినవాళ్ళలో నాకు నచ్చినవాడు ఆయనొక్కడే.

అదే కొండల్లో ఇంకాస్త పైకి వెళ్తే వెస్టర్న్ వైట్ పైన్ కనిపిస్తుంది. ఇదీ అదీ ఒకే శాఖవి. రెండింటికీ సూదుల్లాంటి ఆకులు అయిదేసి చొప్పున కుచ్చులుగా వస్తాయి. రెండింటి కలపా మెత్తన. చాలాచోట్ల రెండూ ఒకే వాలు మీద, ఒకే మంచు కింద, ఒకే గాలి పీలుస్తూ పెరుగుతాయి. వేల ఏళ్ళ ఇరుగుపొరుగు. అయినా ఈ రెండింటికీ పుట్టిన చెట్టు ఆ అడవిలో ఎవరి కంటా పడలేదు. పూత వేళలు కలవక అలా అయిందేమో అనుకుని, మనుషులే చెట్లెక్కి ఒకదాని పుప్పొడి ఇంకోదానికి చేర్చి చూశారు. మొలకెత్తే గింజ రాలేదు.

ఆ షుగర్ పైన్‌కే చైనాలో హువాషాన్ పర్వతం పేరు మోసే ఆర్మండ్ పైన్ పుప్పొడి చల్లితే? కొరియా, మంచూరియా అడవుల కొరియన్ పైన్ పుప్పొడి చల్లితే? పిండం కడుతుంది! చేయి చాస్తే అందే పొరుగుతో పొసగని చెట్టు పసిఫిక్ మహాసముద్రం అవతలి చెట్టుతో సంతానాన్ని కంటుంది. పక్కింటి సంబంధం బెడిసింది, ఏడు సముద్రాల అవతలి సంబంధం కుదిరింది. జాతకాలు చూసిన సిద్ధాంతి ఎవరు?

ఆ సిద్ధాంతి గింజలోనే కూర్చుని ఉన్నాడు. నా నమస్కారం ఆయనకే.

ముందు గాలి సంగతి చెప్పుకోవాలి. పూలచెట్లకి తేనెటీగ ఉంది, సీతాకోకచిలుక ఉంది, రంగుంది, వాసనుంది. ఎవర్ని పిలవాలో, ఎవర్ని రానివ్వకూడదో పువ్వు తన గుమ్మం దగ్గరే సగం తేల్చుకుంటుంది. పైన్‌కి ఆ సదుపాయం లేదు. దానికున్నది గాలి ఒక్కటే. గాలికి జాతి తెలియదు, ఊరు తెలియదు. పూత కాలంలో పైన్ అడవి మీద పసుపుపచ్చ పొగ లేస్తుంది. చెరువుల మీద, కార్ల మీద, గుడారాల మీద పసుపు పరుచుకుంటుంది. అమెరికా తూర్పు తీరంలో సముద్రం మీద 40 కిలోమీటర్ల దూరాన పట్టిన పుప్పొడి కూడా ఇంకా మొలకెత్తే స్థితిలోనే ఉంది. అంత దూరం, అంత విచ్చలవిడిగా! పైగా పైన్ జాతులన్నింటికీ క్రోమోజోములు ఒకే లెక్క, 12 జతలు. ఆ క్రోమోజోములు చూపుకీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇన్ని తలుపులు తెరిచి ఉంచిన కుటుంబంలో జాతులన్నీ ఎప్పుడో కలగాపులగమై ఒక్క ముద్ద కావాలి. కాలేదు. నూటికి పైగా జాతులు, వాటిలో కొన్ని కోట్ల ఏళ్ళ నాటి తీరు వదలకుండా, వేటికవే నిలబడి ఉన్నాయి.

ఎలా నిలబడ్డాయో చూడాలంటే అతి చిన్న చోటికి దిగాలి.

వసంతంలో పైన్ చెట్టు పైకొమ్మల చివర చిటికెన వేలి కొసంత ఆడ శంకువులు నిటారుగా లేస్తాయి. వాటి పొలుసులు కొద్ది రోజులపాటు కాస్త ఎడంగా విచ్చుకుంటాయి. ఒక్కో పొలుసు మీద రెండేసి అండాలు. ప్రతి అండానికీ ఒక నోరు, ఆ నోరు కిందికి తిరిగి ఉంటుంది. రాత్రి గడిచి తెల్లవారుతుండగా ఆ నోట్లోంచి ఒక బొట్టు ఊరుతుంది. నీళ్ళు, కాస్త చక్కెర, కొన్ని ప్రోటీన్లు, అంతే. భూతద్దం లేకపోతే కనబడదు. గాలిలో వచ్చిన పుప్పొడి రేణువు పొలుసుల మధ్య దొర్లుకుంటూ వచ్చి ఆ బొట్టుకి అంటుకుంటుంది. రేణువుకి రెండు పక్కలా రెండు గాలితిత్తులు. గాలిలో ఎగరడానికి పనికొచ్చిన ఆ తిత్తులే ఇప్పుడు నీటిలో తేలడానికి పనికొస్తాయి. అండం తలకిందులుగా ఉంది గనక పైకి తేలడమంటే లోపలికి పోవడమే. రేణువు తేలుతూ తేలుతూ అండం లోపలికి చేరుతుంది. బొట్టు వెనక్కి ఇంకిపోతుంది. పొలుసులు మూసుకుంటాయి.

ఆ బొట్టుని తలుచుకుంటే నాకు ఆశ్చర్యం ఆగదు. అది దాదాపు ఎవరినీ కాదనదు. పైన్ పుప్పొడి ఏదొచ్చినా చేర్చుకుంటుంది. తగువంతా ఆ తర్వాతే.

తర్వాత ఏమవుతుంది? పుప్పొడి మొలకెత్తి, సన్నని నాళం వేసి, అండం మాంసంలోకి కాస్త దూరి, ఆగిపోతుంది. ఎండాకాలం పోతుంది, మంచు కురుస్తుంది, నాళం అక్కడే ఉంటుంది. మళ్ళీ వసంతం వస్తేగాని కదలదు. పైన్‌లో పుప్పొడి వాలడానికీ, బీజాలు కలవడానికీ నడుమ ఏడాదికి పైనే పడుతుంది. ఈ ఏడాదిలో తల్లి ఊరుకోదు. పుట్టబోయే బిడ్డ కోసం ఆహారం కూడబెడుతుంది. పూలచెట్లలో ఆ ఆహారం తల్లీ తండ్రీ కలిసి చేసేది, ఫలదీకరణ జరిగాకే మొదలవుతుంది. పైన్‌లో మాత్రం ఆ తెల్లని కమ్మని పప్పంతా తల్లిదే. బిడ్డ ఉంటుందో ఉండదో తెలియకముందే వంట అయిపోతుంది.

ఇక ఫలదీకరణ. ఒక్కో అండంలో స్త్రీబీజాలు రెండో మూడో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో. నాళాలు చేరిన ప్రతి బీజమూ పిండమవుతుంది. అది చాలదన్నట్టు ప్రతి పిండమూ నాలుగుగా చీలుతుంది. పొడుగాటి తంతువుల్లాంటి కణాలు సాగి ఈ పసి పిండాల్ని ఆహారం నడిబొడ్డులోకి తోస్తాయి. అంటే ఒక్క గింజలో డజను పిండాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోటీపడతాయి. చివరికి మిగిలేది ఒక్కటే.

సంకర పిండం ఈ పోటీలోకే వస్తుంది. కొన్ని జంటల్లో పాపం ఇక్కడి దాకా కూడా రాదు. 1959లో మెక్‌విలియం అనే శాస్త్రజ్ఞుడు చూపించినట్టు, పరాయి పుప్పొడి నాళం మొదటి ఏడే అండం కణజాలంలో ఆగి చచ్చిపోతుంది. కొన్ని జంటల్లో ఫలదీకరణ జరుగుతుంది, పిండం నాలుగు వరసల కణాలు పేర్చుకుంటుంది, అక్కడితో సరి. మరికొన్నింట్లో ఆహారపు గదిలోకి అడుగుపెట్టి, అక్కడ తినలేక, కరిగిపోతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ బుక్‌హోల్జ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దశాబ్దాలపాటు ఈ పిండాల్ని సూదిమొనతో విడదీసి, ఏది ఎక్కడ ఆగిందో చూస్తూ గడిపాడు. 1972లో హోవార్డ్ క్రీబెల్ అనే మరో శాస్త్రజ్ఞుడు వైట్ పైన్ల సంకరాలను ఇలాగే చూసి, ఒక్కో జంటలో ఒక్కో దశ దగ్గర పిండం ఆగిపోతోందని రాశాడు. దగ్గరి చుట్టాలు కొంచెం దూరం నడుస్తాయి, దూరపు చుట్టాలు గుమ్మంలోనే కూలబడతాయి. మొత్తమ్మీద అలాగే అనిపిస్తుంది, కాని లెక్క కచ్చితంగా కుదరదు. కుదిరితే షుగర్ పైన్‌తో ఇంత పేచీ ఉండేదే కాదు.

ఇప్పుడు అసలు విచిత్రం. పిండం పోయింది కదా, గింజ కూడా అక్కడే ఎండి రాలిపోవాలి. అలా జరగదు. పుప్పొడి అసలు చేరని అండమైతే మొదట్లోనే ముడుచుకుపోతుంది. పుప్పొడి చేరి, పిండం ఆలస్యంగా పోయిన గింజ మాత్రం పెరగడం మానదు. పెంకు గట్టిపడుతుంది, రంగు తేలుతుంది, రెక్క మొలుస్తుంది. ఆ పెంకూ రెక్కా రెండూ తల్లి కణజాలమే. లోపల ఎవరూ లేరని తల్లికి కబురందదు. రెండో ఏడు శరదృతువులో కాయ విచ్చుకుంటుంది, గింజ రాలుతుంది, గాలిలో గిరగిరా తిరుగుతూ నేల మీద వాలుతుంది. చేతిలోకి తీసుకుంటే మిగతా గింజల్లాగే నున్నగా నిండుగా కనిపిస్తుంది. బరువులో మాత్రం తేడా తెలుస్తుంది. బ్లేడుతో నిలువునా కోస్తే, ఉల్లిపొర కన్నా పల్చటి గోధుమరంగు పొర ఒకటి మడతపడి గోడకి అతుక్కుని ఉంటుంది. మిగతాదంతా గాలి. రెండేళ్ళ పని, ఒక తల్లి కూడబెట్టిన వంట, ఎండి ఒక పొర. నీళ్ళలో వేస్తే తేలుతుంది. మన రైతులు విత్తనాల వడ్లు ఉప్పునీళ్ళలో పోసి తేలినదాన్ని చేత్తో తీసేస్తారే, అదే తాలు.

ఎందుకు పోయింది ఆ పిండం? శత్రుత్వం లేదు, విషం లేదు. 1937లో డోబ్జాన్‌స్కీ, 1942లో ముల్లర్ అనే జన్యుశాస్త్రజ్ఞులు చెప్పిన మాట తేలిగ్గా చెబుతాను. ఒకప్పుడు ఒకటిగా ఉన్న జాతి రెండుగా విడిపోతుంది. ఒక వైపు ఒక జన్యువు మారుతుంది. తన వాళ్ళతో సర్దుకుపోతుంది. ఇంకో వైపు ఇంకో జన్యువు మారుతుంది, అదీ తన వాళ్ళతో సర్దుకుపోతుంది. ఈ రెండు కొత్త జన్యువులు మాత్రం ఎప్పుడూ ఎదురుపడలేదు. లక్షల ఏళ్ళ తర్వాత ఒక పిండంలో మొదటిసారి కలుసుకుంటాయి. విడివిడిగా ఏ లోపమూ లేని రెండు మంచి జన్యువులు కలిసి పనిచేయలేకపోతాయి. తప్పు ఎవరిదీ కాదు. పైన్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ఆకుకి పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్ తండ్రి పుప్పొడిలోంచి వస్తుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లినుంచి వస్తుంది. ఎండ తినడం తండ్రి నేర్పాలి, ఊపిరి తీయడం తల్లి నేర్పాలి. 2016లో చదివిన షుగర్ పైన్ జన్యుపాఠం 3,100 కోట్ల అక్షరాలు, మనిషిదానికి పదింతలు. అంత గ్రంథాన్ని పరాయి ప్రతితో కలిపి చదువుతూ ఒక పసి పిండం ఎంత దూరం వెళ్ళగలదో అంత దూరం వెళ్తుంది. నన్నడిగితే, అది ఆగిపోవడం కన్నా అంత దూరం వెళ్ళడమే ఎక్కువ వింత.

ఇదంతా మనకు తెలిసింది చాలావరకు ఒక కలప వ్యాపారి ముచ్చట వల్ల. జేమ్స్ ఎడీ అనే ఆయన, లూథర్ బర్బాంక్ అనే మొక్కల పెంపకందారు పళ్ళచెట్లతో చేసిన మాయలు చూసి, అడవి చెట్లతో ఎందుకు చేయకూడదని 1925లో కాలిఫోర్నియాలోని ప్లాసర్‌విల్‌లో ఒక కేంద్రం పెట్టాడు. పదేళ్ళకి, 1935లో దాన్ని అమెరికా ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ప్రపంచం నలుమూలల పైన్‌లూ అక్కడ నాటారు. వసంతం రాగానే చెట్లెక్కి, ఆడ శంకువులు విచ్చుకోకముందే వాటికి సంచులు తొడిగి, సరైన రోజున సిరంజితో పుప్పొడి లోపలికి ఊదారు. తర్వాత సంచి తీసేసి, రెండో శరదృతువు దాకా కూర్చున్నారు. ప్రశ్న వేసిన రెండేళ్ళకి జవాబు. ఆ జవాబు చాలాసార్లు ఒక గుప్పెడు తాలు. ఓపిక అనే మాటకి నేనిచ్చే ఉదాహరణ ఇకమీదట ఇదే.

వాళ్ళకి తొందరా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్ నర్సరీ మొక్కలతోపాటు బ్లిస్టర్ రస్ట్ అనే బూజు తెగులు అమెరికాలో దిగింది. అయిదాకుల పైన్‌లను అది బెరడులోంచి తినేస్తుంది. ఆసియా పైన్‌లు ఆ బూజుతో ఏనాటినుంచో కలిసి బతికినవి, తట్టుకుంటాయి. షుగర్ పైన్‌ని కాపాడాలంటే ఆసియా రక్తం కావాలి. ఆర్మండ్ పైన్, కొరియన్ పైన్ సంబంధం వెతికింది అందుకే. 1950లో స్టోన్, డఫీల్డ్ అనే ఇద్దరు ఆ సంకర గింజల్లోంచి పిండాలను బయటికి తీసి, గాజు సీసాల్లో పోషకం మీద పెంచి, మొక్కల్ని చేశారు. గింజలో మొలకెత్తలేని బిడ్డలు సీసాలో ఆకులు తొడిగాయి. ఆ మొదటి ఆకుపచ్చ సూదులు చూసినప్పుడు వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో రాసుకుంటే బాగుండేది. శాస్త్రపత్రికలు అలాంటివాటికి చోటివ్వవు. 1970లో బోహన్ కిన్‌లోక్ బృందం షుగర్ పైన్‌లోనే, తెగులుని ఎదిరించే జన్యువొకటి అరుదుగా ఉందని కనిపెట్టింది. సముద్రం అవతల వెతికిన మందు ఇంట్లోనే, ఒక మూల, కొద్ది చెట్లలో దాగి ఉంది.

ప్లాసర్‌విల్‌లో విలియం క్రిచ్‌ఫీల్డ్ అనే ఆయన ఎవరికి ఎవరు కుదురుతారో జీవితమంతా పట్టిక వేస్తూ కూర్చున్నాడు. ఆయనా ఆయన తోటివాళ్ళూ వేసిన ఆ పట్టికలు నాకు కావ్యాల్లా కనిపిస్తాయి. జెఫ్రీ పైన్, పాండరోసా పైన్ చూస్తే కవలలే. ఒకే అడవిలో ఉంటాయి, అనుభవం లేనివాళ్ళు ఒకదాన్ని ఇంకోటి అనుకుంటారు. కలపబోతే గింజ కట్టడం అరుదు. పైన్ కాయల్లోకెల్లా బరువైన కాయ కాసే కౌల్టర్ పైన్, జెఫ్రీ పోలికే కాదు. వాటి సంకరాలు మాత్రం అడవిలో వాటంతటవే పుడతాయని 1951లో తేలింది. జెఫ్రీ జిగురులో ఉండేది అచ్చం హెప్టేన్. పెట్రోల్ ఆక్టేన్ కొలబద్దలో సున్నా గీత దాంతోనే గీశారు. కవలల్లో ఒకరి ఒంట్లో పెట్రోలుకి చుట్టమైన ద్రవం, ఇంకొకరి ఒంట్లో మామూలు టర్పెంటైన్! పోలికలు చూసి సంబంధాలు కలిపేవాళ్ళు ఇక్కడ ఓడిపోతారు. రెడ్ పైన్ అని మరొకటుంది, అది దాదాపు ఎవరితోనూ కలవదు. మెత్తకలప పైన్‌లూ గట్టికలప పైన్‌లూ అయితే పూర్తిగా వేరు. ఆ రెండు శాఖల మధ్య నిజమైన సంకరం ఇంతవరకు ఒక్కటీ లేదు.

మన హిమాలయాల్లో నీలిపైన్ ఉంది, కైల్ అంటారు. దాని శాస్త్రీయ నామంలో ఉన్నది కలకత్తా బొటానికల్ గార్డెన్‌ని నడిపిన నథానియల్ వాలిక్ పేరు. ఈ కైల్‌కి అమెరికా తూర్పు అడవుల వైట్ పైన్‌తో చక్కగా కుదురుతుంది. 1905లో బెర్లిన్ దగ్గర ఒక ఎస్టేట్‌లో పక్కపక్కన పెరుగుతున్న ఈ రెండింటికీ ఎవరి ప్రమేయం లేకుండానే బిడ్డ పుట్టింది. కశ్మీరు కొండల చెట్టు, న్యూ ఇంగ్లండ్ చెట్టు, జర్మనీ నేల. పిండం ఆ మూడు చిరునామాల్లో ఒక్కటీ అడగలేదు. పైన్‌లు సంకరాలను పూర్తిగా కాదనవు కూడా: టిబెట్ పీఠభూమి మీద పైనస్ డెన్సాటా అనే జాతి రెండు చైనా పైన్‌ల కలయికలోంచి పుట్టి, తల్లిదండ్రులు బతకలేనంత ఎత్తులో అడవులు కట్టింది. గింజలోని సిద్ధాంతి మూర్ఖుడు కాదు. కుదరనిదాన్ని ఆపుతాడు, కుదిరినదాన్ని కొండెక్కిస్తాడు.

మరో మాట. తాలు గింజలన్నీ పరాయి పుప్పొడి వల్ల వచ్చినవే కావు. చెట్టు తన పుప్పొడిని తానే పట్టుకున్నా ఇలాగే జరుగుతుంది. పైన్‌లు తమ జన్యువుల్లో దాచుకున్న లోపాలు చాలా ఎక్కువ. సొంత పుప్పొడితో అవి జంటగా బయటపడి పిండాన్ని చంపేస్తాయి. అంటే మరీ దూరమైతే పొసగదు, మరీ దగ్గరైనా పొసగదు. ఈ రెంటి నడుమ ఎంత సన్నని దారిలో పైన్ అడవులు కోట్ల ఏళ్ళుగా నడుస్తున్నాయో చూడండి. నడిచి, ఉత్తరార్ధ గోళంలో ఎన్నో కొండల్ని పచ్చగా కప్పాయి. ఆ దారికి అటూ ఇటూ గట్లు వేసి కాపాడింది తాలు గింజలే. ఓడిపోయిన పిండాల్ని ఎవరూ లెక్కపెట్టరు గాని, షుగర్ పైన్ ఇంకా షుగర్ పైన్‌గా ఉందంటే ఆ ఓటముల చలవే.

హైదరాబాదు డ్రైఫ్రూట్ కొట్లలో చిల్గోజా అమ్ముతారు. కిన్నౌర్ కొండల పైన్ గింజలవి, మంచి ఖరీదు. వాటిలో ఒకటి పంటికింద పెట్టి కొరికితే లోపల ఏమీ లేక గోధుమరంగు పొర ఒక్కటే తగిలిందనుకోండి. కొట్టువాణ్ణి తిట్టకండి. ఒక చెట్టు రెండేళ్ళు కష్టపడి, బిడ్డ నిలవకపోయినా పని ఆపకుండా, పెంకు దాకా పూర్తిచేసి పంపిన గింజ అది. దాన్ని పారేసేముందు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి.